ఒకే బకాయి క్వెరీ పదకొండు చోట్ల ఉంది. మీరు ఎస్‌క్యూఎల్ ఎక్కడ పెట్టుకుంటారు?

కొత్తచిగురు (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్తే. విజయవాడలో నలుగురం ఉన్న చిన్న టీమ్ మాది. మందుల హోల్‌సేల్ వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. కోడ్ పైథాన్‌లో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. క్వెరీలు తనే రాసిపెట్టే ఓఆర్‌ఎం వాడం, పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌కి కలిపే సైకోపీజీ 3తో నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) రాసుకుంటాం.

మొన్న శుక్రవారం ఒక మెడికల్ షాపాయన ఫోన్ చేసి మా కస్టమర్‌ని దులిపేశాడు. నెలవారీ స్టేట్‌మెంట్‌లో బకాయి 48,200 అని ఉంది. అదే రోజు వాట్సాప్‌లో వెళ్ళిన రిమైండర్‌లో 51,750 అని ఉంది. "నేనెంత ఇవ్వాలో మీకే తెలీదు, నన్ను అడుగుతారేంటి?" అన్నాడట. తేడా 3,550. వెతికితే అది ఎక్స్‌పైరీ మందులు వెనక్కి పంపినందుకు ఇచ్చిన క్రెడిట్ నోట్. రిమైండర్ స్క్రిప్ట్‌లో ఉన్న క్వెరీకి క్రెడిట్ నోట్ల సంగతే తెలీదు.

అప్పుడు కోడ్ మొత్తం గ్రెప్ కొట్టి వెతికాను. బకాయి లెక్కకట్టే క్వెరీ పదకొండు ఫైళ్ళలో ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగు రకాలు. ఎవరికి అవసరమైనప్పుడు వాళ్ళు పక్క ఫైల్లోంచి కాపీ చేసుకుని, తమకి కావాల్సిన ముక్క అతికించుకున్నారు. అందులో మూడు నేను చేసినవే, దాచడమెందుకు.

ఒక్కచోట రాసి అన్నిచోట్లా అదే వాడాలి. వ్యూ (పేరు పెట్టి డేటాబేస్‌లో దాచిన క్వెరీ) చెయ్యాలా, డేటాబేస్‌లో ఫంక్షన్ రాయాలా, పైథాన్ మాడ్యూల్లో స్ట్రింగుగా పెట్టాలా, విడిగా ఎస్‌క్యూఎల్ ఫైళ్ళు పెట్టుకోవాలా? మీరెలా చేస్తున్నారు?

సెమికోలన్ (10:52)

వ్యూ చేసెయ్ బ్రో. పది నిమిషాల పని. దీనికింత టెన్షన్ ఎందుకు?

పాతకాపు (11:15)

తమ్ముడూ, ఎక్కడ పెట్టాలన్నది రేపు చూసుకోవచ్చు. ముందు ఆ నాలుగు రకాల్లో ఏది తప్పో, ఏది కావాలని అలా రాసిందో తేల్చుకో.

నేను ఇరవై ఏళ్ళుగా ఖాతాల సాఫ్ట్‌వేర్లే చేస్తున్నాను. "బకాయి" అనే మాటకి ఒకే అర్థం ఉన్న ఆఫీసు నాకింతవరకూ తగల్లేదు. షాపువాడు వచ్చేనెల 10వ తేదీ వేసి చెక్కు ఇచ్చాడనుకో. పుస్తకాల్లో ఆ డబ్బు ఇంకా రాలేదు, కాబట్టి అది బకాయే. వసూలు కుర్రాడి దృష్టిలో మాత్రం అది కాదు. చెక్కు చేతిలో ఉన్నవాడికి మళ్ళీ రిమైండర్ పంపితే తిట్లు తింటాం. అంటే బకాయిలు రెండు. రెండిటికీ వేరువేరు పేర్లుండాలి. నువ్వు తొందరపడి నాలుగింటినీ ఒక వ్యూలో కలిపేస్తే, రేపు ఇంకో షాపాయన ఫోన్ చేస్తాడు.

ఎక్కువ చోట్ల వాడుతున్న రకం ఏదో ఇక్కడ పెట్టు, చూద్దాం.

కొత్తచిగురు (11:34)

నిజమే గురువుగారూ, ఒక రకంలో చెక్కులు తీసేసి ఉన్నాయి. అది బగ్ అనుకున్నాను!

పదకొండులో ఆరు చోట్ల ఉన్నది ఇది. ఫోన్‌లోంచి రాస్తున్నాను, కోడ్ తెలుగక్షరాల్లోనే కొట్టేస్తున్నా, సర్దుకోండి:

సెలెక్ట్ పార్టీ_ఐడీ,
 సమ్(డిస్టింక్ట్ బిల్లు.మొత్తం) - సమ్(డిస్టింక్ట్ రసీదు.మొత్తం)
ఫ్రమ్ పార్టీలు
లెఫ్ట్ జాయిన్ బిల్లులు, పార్టీ_ఐడీ మీద
లెఫ్ట్ జాయిన్ రసీదులు, పార్టీ_ఐడీ మీద
వేర్ బిల్లు.రద్దు = ఫాల్స్
గ్రూప్ బై పార్టీ_ఐడీ

పాతకాపు (11:58)

ఆ "డిస్టింక్ట్" చూడగానే నాకు నిద్ర ఎగిరిపోయింది.

ఎందుకు పెట్టి ఉంటారో చెప్తాను. ఒక పార్టీకి (అంటే సరుకు కొనే షాపుకి) రెండు బిల్లులు, 6,000, 4,000. రెండు రసీదులు, 3,000, 1,000. అసలు బకాయి 6,000. బిల్లుల్నీ రసీదుల్నీ రెండిటినీ పార్టీ ఐడీ మీదే జాయిన్ చేస్తే (జత కలిపితే) ప్రతి బిల్లుకీ ప్రతి రసీదూ తగులుకుంటుంది. రెండు రెళ్ళు నాలుగు వరుసలు. బిల్లులు 20,000, రసీదులు 8,000 అయి కూర్చుంటాయి. బకాయి 12,000. ఎవరో దీన్ని చూసి కంగారుపడి, ఒకే విలువని ఒక్కసారే లెక్కపెట్టే డిస్టింక్ట్ పెట్టారు. లెక్క 6,000కి వచ్చింది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళారు.

ఇప్పుడు అదే షాపు ఒకే నెలలో 4,000 బిల్లులు రెండు చేసిందనుకో. డిస్టింక్ట్‌కి రెండూ ఒకటే, ఒకటి మింగేస్తుంది. మందుల షాపులు వారం వారం అదే సరుకు తీసుకుంటాయి, అదే మొత్తం రావడం అరుదేం కాదు. రసీదులైతే మరీ, అందరూ 5,000, 10,000 అని గుండుగుత్తగానే ఇస్తారు.

ఇంకోటి. జత దొరక్కపోయినా పార్టీని ఉంచే లెఫ్ట్ జాయిన్ చేసి, కింద వేర్‌లో "బిల్లు.రద్దు = ఫాల్స్" అన్నారు. ఒక్క బిల్లూ లేని పార్టీకి ఆ కాలమ్ నల్, అంటే ఖాళీ. నల్ ఫాల్స్‌కి సమానం కాదు, ఆ వరుస పోతుంది. అడ్వాన్స్ కట్టి ఇంకా సరుకు తీసుకోని పార్టీ మీ రిపోర్టులో కనిపించదు. పేరుకే లెఫ్ట్ జాయిన్.

కొత్తచిగురు (రాత్రి 12:06)

గురువుగారూ... అడ్వాన్స్ పార్టీలు రిపోర్టులో రావట్లేదని మార్చిలోనే ఒక కంప్లయింట్ ఉంది. "డేటా ఎంట్రీ తప్పు" అని మూసేశాం.

గోదారిగట్టు (మంగళవారం, ఉదయం 8:20)

పాతకాపు గారు చెప్పిన జబ్బుకి నా చిట్కా: జాయిన్లే వద్దు. బిల్లుల్లోంచి ప్లస్ మొత్తం, రసీదుల్లోంచి మైనస్ మొత్తం, క్రెడిట్ నోట్లలోంచి మైనస్ మొత్తం. మూడూ యూనియన్ ఆల్‌తో ఒకదాని కింద ఒకటి పేర్చి, పైన ఒక్క సమ్. అచ్చం చేతి లెడ్జర్ లాగే. రేపు డెబిట్ నోట్లు వచ్చినా ఇంకో ముక్క కింద అతికిస్తే చాలు. యూనియన్ ఒక్కటే రాసి "ఆల్" మర్చిపోకండి, అప్పుడు ఒకేలాంటి వరుసలు కలిసిపోయి మళ్ళీ డిస్టింక్ట్ కథే.

ఇక ఎక్కడ పెట్టాలి అంటే, మా టీమ్‌లో మూడేళ్ళుగా ఎస్‌క్యూఎల్ ఫైళ్ళే. క్లోజర్ భాషలో యెస్‌క్యూఎల్ అని ఒక లైబ్రరీ ఉండేది, ఆ ఆలోచన అక్కడిది. ఎస్‌క్యూఎల్‌ని వేరే భాషలోకి మార్చకు, ఎస్‌క్యూఎల్‌గానే ఫైల్లో ఉంచు, పైన ఒక కామెంట్‌లో పేరు రాయి, ఆ పేరుతో ఫంక్షన్ తయారవుతుంది. పైథాన్‌లో దాని చుట్టం పేరు ఎయిఓ‌ఎస్‌క్యూఎల్. ఫైల్లో ఇలా ఉంటుంది:

-- నేమ్: పార్టీ_వివరాలు^
సెలెక్ట్ పేరు, ఫోన్ ఫ్రమ్ పార్టీలు వేర్ ఐడీ = :పార్టీ_ఐడీ

పేరు చివర టోపీ గుర్తు ఉంటే ఒకే వరుస వస్తుంది. డాలర్ గుర్తుంటే ఒకే విలువ. ఆశ్చర్యార్థకం ఉంటే ఎన్ని వరుసలు మారాయో ఆ సంఖ్య. ఏమీ లేకపోతే అన్ని వరుసలూ. పైథాన్‌లో క్వెరీస్.పార్టీ_వివరాలు అని పిలవడమే.

నాకు బాగా నచ్చింది వేరే సంగతి. ఆ ఫైల్ తెరిచి, క్వెరీని అలాగే డీబీవర్‌లో (క్వెరీలు నడిపి చూసే టూల్) పెడితే :పార్టీ_ఐడీ విలువ ఎంత అని అడిగి నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో కూడా రెండుచుక్కల పేరే వేరియబుల్. పైథాన్ స్ట్రింగుల్లో ఉన్నప్పుడు కోట్స్ తీసి, పారామీటర్లు (బయటినుంచి ఇచ్చే విలువలు) చేత్తో మార్చి, అతికించి... ఆ చాకిరీ మర్చిపోయి ఎన్నాళ్ళయిందో.

ఒక్క చికాకు ఉంది. సైకోపీజీకి పారామీటర్లు ఇచ్చినప్పుడు క్వెరీలో లైక్ (మాటలో కొంత ముక్కతో వెతకడం) కోసం శాతం గుర్తు ఉంటే రెండుసార్లు రాయాలి. అలా రాస్తే డీబీవర్‌లో అతికించినప్పుడు తేడాగా ఉంటుంది. మేము ఆ "పారా%" మొత్తాన్నే పారామీటర్‌గా పంపేస్తాం, గొడవ లేదు.

సెమికోలన్ (8:41)

అక్కా, అది పైథాన్‌కే పనికొస్తుంది. అకౌంటెంట్ ఎక్సెల్ నుంచి నేరుగా డేటాబేస్‌కి కనెక్ట్ అయి చూస్తాడు. రిపోర్టింగ్ టూల్ ఇంకోటి ఉంటుంది. వాళ్ళకి మీ ఫైళ్ళు కనపడతాయా? వ్యూ అయితే అందరికీ ఒకటే. నేను నిన్న రాత్రే చెప్పాను.

రాత్రిడ్యూటీ (ఉదయం 9:05, షిఫ్ట్ దిగి ఇంటికెళ్తూ)

డీబీఏ (డేటాబేస్ చూసుకునేవాడి) వైపు నుంచి నాలుగు ముక్కలు. సెమికోలన్ మాటలో న్యాయం ఉంది, కానీ "పది నిమిషాల పని" అన్న వ్యూలు నా నిద్ర చాలా తిన్నాయి.

పోస్ట్‌గ్రెస్‌లో వ్యూలో సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ అని) రాస్తే, ఆ రోజున్న కాలమ్‌ల జాబితానే అందులో ఉండిపోతుంది. తర్వాత టేబుల్‌కి కొత్త కాలమ్ చేర్చినా వ్యూలోకి రాదు. క్రియేట్ ఆర్ రీప్లేస్ చేస్తే కొత్త కాలమ్‌లు చివరనే చేర్చనిస్తుంది. ఉన్న కాలమ్ పేరుగానీ, టైపుగానీ, వరుసగానీ మార్చనివ్వదు. డ్రాప్ చేద్దామంటే దాని మీద కట్టిన వ్యూలు ఊరుకోవు.

అసలు ప్రమాదం వ్యూ మీద వ్యూ. ఒకచోట పనిచేసినప్పుడు ఐదు అంతస్తుల వ్యూ ఒకటి చూశాను. పై అంతస్తు అడిగేది పార్టీ ఫోన్ నంబర్ ఒక్కటే. కింద మాత్రం ఏడాది బిల్లులన్నీ కూడుతోంది. వ్యూ అంటే క్వెరీలో అతికించే ముక్కే, క్వెరీని ఎలా నడపాలో తేల్చే ప్లానర్ వీలైనంత సర్దుతుంది. గ్రూప్ బై చేసిన కాలమ్ మీద కండిషన్ పెడితే అది లోపలికి దిగుతుంది. లెక్కకట్టిన మొత్తం మీద, అంటే "బకాయి 10,000 దాటినవాళ్ళు" అని అడిగితే దిగదు, అందరికీ కూడాకే వడపోత. వాడని కాలమ్‌ల కోసం ఉన్న ఇన్నర్ జాయిన్‌లను కూడా తీసెయ్యదు. తీసేస్తే వరుసల లెక్క మారచ్చు కదా.

మీ కేసులో ఇంకో పెద్ద చిక్కు: "మార్చి 31 నాటికి బకాయి ఎంత?" ఆడిటర్ అడిగేది అదే. వ్యూకి తేదీ ఇవ్వలేం. అందుకే నా ఓటు ఫంక్షన్‌కి, తేదీ ఒక పారామీటర్. కానీ ప్లేన్ ఎస్‌క్యూఎల్ భాషలో రాయండి, స్టేబుల్ అని పెట్టండి, ఒకే సెలెక్ట్ ఉంచండి, స్ట్రిక్ట్ పెట్టకండి. అప్పుడు ప్లానర్ దాన్ని విప్పి వ్యూ లాగే క్వెరీలో కలుపుకోగలదు. పోస్ట్‌గ్రెస్ సొంత ప్రోగ్రామింగ్ భాష పీఎల్ పీజీఎస్‌క్యూఎల్‌లో రాస్తే అది మూసిన డబ్బా. లోపల ఏముందో ప్లానర్‌కి తెలీదు, మనం చెప్పకపోతే 1,000 వరుసలొస్తాయని ఊహించుకుంటుంది.

తేదీ దగ్గర ఒక మాట. బిల్లు సమయం టైమ్‌స్టాంప్ (తేదీ, గంట కలిపి) అయితే "మార్చి 31 కంటే తక్కువ లేదా సమానం" అని రాయకండి. మార్చి 31 అర్ధరాత్రి పన్నెండు దాటాక చేసిన బిల్లులన్నీ పోతాయి, అంటే ఆ రోజు వ్యాపారం మొత్తం. "ఏప్రిల్ 1 కంటే తక్కువ" అనండి. సంవత్సరాంతం రోజే అందరూ టార్గెట్ల కోసం బిల్లులు కొట్టేది.

చీరాల_బైట్ (11:30)

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను కూడా క్వెరీలన్నీ ఒక ఫైల్లోకి తెచ్చాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఏ కాలమ్ ప్రకారం సార్ట్ చెయ్యాలో పారామీటర్‌గా పంపుతున్నాను. ఎర్రర్ రావట్లేదు, సార్టూ అవ్వట్లేదు. రెండు రోజులుగా తల పట్టుకున్నా.

గోదారిగట్టు (11:44)

నువ్వు సైకోపీజీ 3లో ఉన్నావు, అవునా? 2లో అయితే కనీసం ఎర్రర్ వచ్చేది. అది విలువల్ని క్లయింట్ దగ్గరే క్వెరీలో అతికించి పంపేది, అప్పుడు ఆర్డర్ బైలో కోట్స్‌లో ఉన్న మాట చూసి పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. 3లో విలువ విడిగా సర్వర్‌కి వెళ్తుంది. పారామీటర్ అంటే విలువే, కాలమ్ పేరు కాదు. నువ్వు "పేరు" అని పంపితే, ప్రతి వరుసకీ "పేరు" అనే ఒకే మాట పెట్టి దాని ప్రకారం సార్ట్ చెయ్యమన్నట్టు. అన్నీ సమానమే, ఇక సార్ట్ చేసేదేముంది?

అనుమతించిన కాలమ్‌లకి పైథాన్‌లో ఒక డిక్షనరీ పెట్టు. యూజర్ పంపిన మాట అందులో ఉంటేనే తీసుకుని, సైకోపీజీ ఇచ్చే ఐడెంటిఫయర్‌తో అతికించు. ఎఫ్ స్ట్రింగులో మాత్రం నేరుగా పెట్టకు, ఎవడైనా అందులోంచి తన ఎస్‌క్యూఎల్ దూర్చగలడు. "ఇది ఆఫీసులో వాళ్ళే వాడతారు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను.

అదే దారిలో ఇంకో రెండు గుంటలు ఉన్నాయి. ఇన్ లోపల జాబితా పంపడం 3లో కుదరదు, "= ఎనీ" అని రాసి పైథాన్ లిస్ట్ పంపు. ఇంకా "పార్టీ ఇస్తే వడకట్టు, ఇవ్వకపోతే అందరూ" అనే క్వెరీలో :పార్టీ_ఐడీ ఈజ్ నల్ అని రాస్తే, పారామీటర్ టైపు తెలీట్లేదని సర్వర్ మొండికేస్తుంది. పక్కన క్యాస్ట్ పెట్టి ఇంటిజర్ అని చెప్పు.

చీరాల_బైట్ (11:51)

అక్కా, రెండు రోజులు!! అయిపోయింది. థాంక్యూ.

డాలస్_దోసె (మధ్యాహ్నం 12:10, ఇక్కడ అర్ధరాత్రి దాటింది)

పైథాన్ బయట ఉన్నవాళ్ళ కోసం. గో భాషలో రాసేవాళ్ళయితే ఎస్‌క్యూఎల్‌సీ చూడండి. ఫైల్లో క్వెరీ రాస్తే, టేబుళ్ళ స్కీమాతో సరిచూసి టైపులతో సహా గో కోడ్ తయారు చేస్తుంది. కాలమ్ పేరు తప్పు రాస్తే కోడ్ తయారవ్వకముందే తెలుస్తుంది. ఇంకో మంచి సంగతి, క్వెరీ పేరున్న కామెంట్ క్వెరీతో పాటే డేటాబేస్‌కి వెళ్తుంది. రాత్రి రెండింటికి సర్వర్ కుదేలైనప్పుడు, నడుస్తున్న క్వెరీల జాబితాలో పేరు కనపడితే ఎంత హాయో రాత్రిడ్యూటీ అన్నకి తెలుసు.

జావా వాళ్ళకి మైబాటిస్ లైబ్రరీ. అందులో హాష్ బ్రాకెట్ అంటే పారామీటర్, డాలర్ బ్రాకెట్ అంటే అక్షరాలు యథాతథంగా అతికించడం. ఈ రెండిటి తేడా మా టీమ్‌లో ఇంటర్వ్యూ ప్రశ్న.

రాత్రిడ్యూటీ (సాయంత్రం 6:30)

నిద్ర లేచాను. ఆ పేరు కామెంట్ ఎవరు కనిపెట్టారోగానీ వాళ్ళకి దండం.

క్వెరీని మళ్ళీ మళ్ళీ వాడటం అంటే ఇంకో అర్థం కూడా ఉంది, రెండూ కలిపేసుకుంటారు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, అంటే క్వెరీని సర్వర్‌లో ఒకసారి సిద్ధం చేసి ఉంచడం. సైకోపీజీ 3 ఒకే కనెక్షన్ మీద ఒకే క్వెరీ ఐదుసార్లు దాటి నడిస్తే దానంతటదే ప్రిపేర్ చేసేస్తుంది. పోస్ట్‌గ్రెస్ దానికి మొదటి ఐదుసార్లు వచ్చిన విలువను బట్టి ప్లాన్ వేస్తుంది. ఆ తర్వాత విలువతో పనిలేని ఒక సాధారణ ప్లాన్‌తో ఖర్చు పోల్చి, అది ఎక్కువేం కాదనిపిస్తే దానికే స్థిరపడుతుంది. చిన్న షాపుకి పది బిల్లులు, పెద్ద ఆసుపత్రికి లక్ష బిల్లులు ఉన్నచోట ఇది తంటా. "పొద్దున బాగుంది, పది గంటల నుంచి స్లో" అని ఫోన్లు. చేత్తో నడిపితే ఎప్పుడూ స్పీడే. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ప్లాన్_క్యాష్_మోడ్ అనే సెట్టింగ్ ఉంది, ఆ ఒక్క క్వెరీకి కస్టమ్ ప్లాన్ (ప్రతిసారీ విలువను బట్టి వేసేది) బలవంతం చెయ్యచ్చు.

మధ్యలో కనెక్షన్లు పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే, మీరు ప్రిపేర్ చేసిన కనెక్షన్ ఒకటి, తర్వాత దొరికే కనెక్షన్ ఇంకోటి. "అలాంటి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ లేదు" అని వస్తుంది. 2023లో వచ్చిన 1.21 వెర్షన్‌తో ఇది సర్దుకుంది, ఆ వెర్షన్‌లో అయితే సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. పాత వెర్షన్ అయితే డ్రైవర్‌లో ఆటో ప్రిపేర్ ఆపెయ్యండి.

పాతకాపు (రాత్రి 7:10)

మా ఒరాకిల్ డేటాబేస్ రోజుల్లో క్వెరీని తిరిగి వాడటం అంటే ఇదే. షేర్డ్ పూల్‌లో (సర్వర్ పాత క్వెరీలు దాచుకునే చోటు) అక్షరం అక్షరం ఒకటైతేనే పాత ప్లాన్ దొరికేది. ఒక స్పేస్ ఎక్కువైనా అది వేరే క్వెరీయే. కాబట్టి ఒకే చోట రాసుకోవడం మాకు శుభ్రత కోసం కాదు, సర్వర్ ప్రాణం కోసం.

కొత్తచిగురూ, మార్చే ముందు ఒక చిన్న పరీక్ష రాసిపెట్టుకో. ఒక్క పార్టీ. బిల్లులు 5,000, 5,000 (కావాలనే సమానం). రద్దయిన బిల్లు 2,000. రసీదులు 2,000, 2,000. క్రెడిట్ నోట్ 1,500. వచ్చేనెల తేదీ వేసిన చెక్కు 3,000. పుస్తకాల బకాయి 4,500 రావాలి, వసూలు బకాయి 1,500 రావాలి. రెండో పార్టీకి అడ్వాన్స్ 1,000 మాత్రమే, బకాయి మైనస్ 1,000. మీ ఆరు చోట్ల క్వెరీకి ఈ డేటా ఇచ్చి చూడు, నవ్వొస్తుంది. ఏడుపు కూడా రావచ్చు.

కొత్తచిగురు (11:20)

నడిపాను. మొదటి పార్టీకి 3,000 వచ్చింది. రెండో పార్టీ అసలు లేనేలేదు.

కొత్తచిగురు (తర్వాతి మంగళవారం, రాత్రి 9:15)

అప్‌డేట్.

మొదటి రెండు రోజులు కోడ్ ముట్టుకోలేదు. కస్టమర్ అకౌంటెంట్ గారితో కూర్చుని రెండు బకాయిలకీ పేర్లు పెట్టాం. ఆయన నోట్లోంచి వచ్చిన మాటలే: పుస్తక_బకాయి, వసూలు_బకాయి. ఇంగ్లిష్ పేర్లు వెతుక్కునే పని తప్పింది.

రెండూ తేదీ తీసుకునే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు, లోపల యూనియన్ ఆల్. వాటి మార్పులు మైగ్రేషన్ ఫైళ్ళలోంచే (డేటాబేస్ మార్పులు రాసిపెట్టేవి) వెళ్ళాలి, ఎవరూ సర్వర్‌లోకి దూరి మార్చకూడదని రూల్ పెట్టుకున్నాం. మిగతా చిన్నచిన్న క్వెరీలు గోదారిగట్టు అక్క చెప్పినట్టు ఫైళ్ళలోకి తెస్తున్నాం. అన్నీ ఒకేసారి కాదు, ఏ ఫైల్ ముట్టుకుంటే అందులోవి.

మార్చే ముందు పాత క్వెరీ ఫలితంలోంచి కొత్తది ఎక్సెప్ట్ చేసి (ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని వరుసలు తీసి), మళ్ళీ అటుదిటు చేసి చూశాను. 37 పార్టీలకి తేడా. ఒక్కోటీ అకౌంటెంట్ గారు చేతి లెడ్జర్‌తో టిక్కు పెట్టారు, 37కి 37 కొత్తదే కరెక్ట్. ఆ మెడికల్ షాపాయనకి 48,200 ఖాయం. ఇద్దరు పార్టీల దగ్గర మాత్రం మేము తక్కువ అడుగుతూ వచ్చాం, సమాన బిల్లుల పుణ్యం. వాళ్ళకి ఆ సంగతి ఎలా చెప్పాలో మా కస్టమర్ ఆలోచించుకుంటున్నారు.

నిన్న సాయంత్రం అన్నీ అయిపోయాయని సంబరపడుతుంటే అకౌంటెంట్ గారు ఫోన్ చేశారు, "బాబూ, నా షీట్‌లో మాత్రం ఇంకా పాత లెక్కే వస్తోంది" అని. వెళ్ళి చూస్తే ఆయన ఎక్సెల్‌లో డేటా కనెక్షన్ లోపల, పన్నెండో కాపీ. డిస్టింక్ట్‌తో సహా.

సెమికోలన్ (9:21)

వ్యూ.

కొత్తచిగురు (9:24)

పెట్టాను బ్రో. ఫంక్షన్‌కి ఈరోజు తేదీ ఇచ్చి, పైన రెండు లైన్ల వ్యూ. ఎక్సెల్‌కి అదే ఇచ్చాను. సెలెక్ట్ స్టార్ పెట్టలేదు.

రాత్రిడ్యూటీ (9:40)

బ్రతికించావు.